మూడో రాత్రి దొరకని తోకచుక్క: పుదుచ్చేరి నుంచి హైదరాబాదు దాకా ఒక వేధశాలల చరిత్ర

1872 డిసెంబరు తొలి రోజుల్లో ఒక తెల్లవారుజాము. మద్రాసు నుంగంబాకంలోని వేధశాలలో నార్మన్ పోగ్సన్ టెలిస్కోపులో ఒక తోకచుక్కను చూశారు. గుండ్రంగా ఉంది, మధ్యలో కేంద్రకం స్పష్టంగా ఉంది, తోక మాత్రం లేదు. మరుసటి తెల్లవారుజామున చూస్తే అది మరింత పెద్దదై, చిన్న తోకతో కనిపించింది. మూడో రోజు మబ్బు పట్టింది. ఆ తర్వాత ఆ తోకచుక్కను ప్రపంచంలో ఎవరూ చూడలేదు.

ఇందులో నష్టం ఏమిటో ఇంజినీరింగ్ చదివిన వాళ్లకు వెంటనే తెలుస్తుంది. తోకచుక్క కక్ష్యను పరావలయం అనుకుని లెక్క కట్టినా ఐదు తెలియని రాశులుంటాయి: సూర్యుడికి అతి దగ్గరగా వచ్చే సమయం, అప్పటి దూరం, కక్ష్య ఎటు వాలి ఉందో చెప్పే మూడు కోణాలు. ఆకాశంలో ఒక స్థానాన్ని కొలిస్తే రెండు అంకెలు వస్తాయి. రెండు రాత్రులకు నాలుగు అంకెలు. ఐదు తెలియని రాశులకు నాలుగు సమీకరణాలు చాలవు. మూడో రాత్రి కూడా కావాలి. 1797లో జర్మన్ వైద్యుడు, ఖగోళ శాస్త్రవేత్త ఓల్బర్స్ ఇచ్చిన పద్ధతి కూడా మూడు పరిశీలనల మీదే నడుస్తుంది. మద్రాసు తోకచుక్కకు మూడోది లేదు. అందుకే దాని కక్ష్య ఈ రోజుకీ తెలియదు.

మెయిన్స్ సిలబస్‌లో ఆధునిక భారత చరిత్ర ఉంది, శాస్త్ర సాంకేతిక రంగం కూడా ఉంది. ఈ రెండింటి మధ్య ఉన్న తలుపును మనం ఎక్కువగా తెరవం. తెరిచినా రెండు సులువైన జవాబుల దగ్గర ఆగిపోతాం. ఒకటి, ఆధునిక విజ్ఞానాన్ని బ్రిటిష్ వాళ్లు తెచ్చి ఇచ్చారని. రెండోది, మన దగ్గర అన్నీ ముందే ఉన్నాయని. తోకచుక్కల పరిశీలన చరిత్ర ఈ రెండింటినీ నిలబడనివ్వదు. మన గడ్డ మీద చూసే కళ్లకు ఎప్పుడూ కొరత లేదు. టెలిస్కోపులు కూడా తొందరగానే వచ్చాయి. కొరత ఎక్కడొచ్చిందంటే, చూసినదాన్ని రోజు తర్వాత రోజు, తరం తర్వాత తరం కొనసాగించే సంస్థ దగ్గర. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది అదే.

టెలిస్కోపులో తోకచుక్క ఎందుకు మారుతుంది?

ముందు కొంచెం సైన్స్ చూద్దాం. గ్రహాన్ని ఈ రోజు చూసినా వారం తర్వాత చూసినా రూపం పెద్దగా మారదు, చోటు మారుతుంది. తోకచుక్కకు చోటుతో పాటు రూపం కూడా మారుతుంది. దాని కేంద్రకం మంచు, ధూళి, రాతి పదార్థం కలిసిన ముద్ద. సాధారణంగా కొన్ని కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది. సూర్యుడికి దూరంగా ఉన్నంత కాలం అది గడ్డకట్టిన రాయి లాంటిది. దగ్గరకు వస్తున్న కొద్దీ మంచు నేరుగా ఆవిరై, ధూళిని వెంట తీసుకుని బయటికి వస్తుంది. కేంద్రకం చుట్టూ ఏర్పడే ఆ మసక గోళాన్ని కోమా అంటాం. కోమా వ్యాసం లక్ష కిలోమీటర్లు దాటడం మామూలే.

తోకలు రెండు రకాలు. అయాన్ తోకను సౌర పవనం నెడుతుంది. అది నిటారుగా, నీలి రంగు ఛాయతో సూర్యుడికి వ్యతిరేక దిశలో ఉంటుంది. ధూళి తోకను సూర్యకాంతి పీడనం నెడుతుంది. అది వంపు తిరిగి, పసుపు ఛాయతో ఉంటుంది. తోక ఎప్పుడూ వెనక వైపే ఉంటుందని చాలామంది అనుకుంటారు, ప్రిలిమ్స్‌లో ఇక్కడే పొరపడతారు. సూర్యుణ్ణి దాటి తిరిగి వెళ్లేటప్పుడు తోక ముందు నడుస్తుంది, తల వెనక వస్తుంది.

టెలిస్కోపు చేసే పని తోకను పెద్దదిగా చూపించడం కాదు. పొడవాటి తోకను నిజానికి కంటితోనే బాగా చూడగలం. టెలిస్కోపు చూపించేది తల లోపల జరిగేదాన్ని: కేంద్రకం చుట్టూ వెలుగు పొరలు, సూర్యుడి వైపు చిమ్మే ధారలు, ఒక్కోసారి కేంద్రకం ముక్కలు కావడం. ఇవి రోజుల్లో, ఒక్కోసారి గంటల్లో మారిపోతాయి. కాబట్టి ఒక్క రాత్రి గీసిన బొమ్మకు విలువ తక్కువ. వరుసగా గీసిన బొమ్మలకే విలువ.

కంటితో చూసిన కాలం

ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో కేతువుల కోసం ఒక అధ్యాయమే కేటాయించాడు. అందులో మనం గమనించాల్సినవి రెండు. కేతువులు 101 అని కొందరు, 1000 అని కొందరు అంటారని, నారదుడు మాత్రం ఒక్కటే అనేక రూపాల్లో కనిపిస్తుందంటాడని తనకంటే ముందున్న అభిప్రాయాలను నమోదు చేశాడు. అంటే రూపం మారుతుందన్న గమనిక అప్పటికే చర్చలో ఉంది. రెండోది, కేతువు ఎప్పుడు కనిపిస్తుందో, ఎప్పుడు మాయమవుతుందో గణితంతో తెలుసుకోలేమని స్పష్టంగా చెప్పాడు. ఫలితాలు, శకునాలు ఆ అధ్యాయంలో చాలా ఉన్నాయి. అయినా లెక్కకు ఎక్కడ హద్దు ఉందో ఒప్పుకోవడం శాస్త్రజ్ఞుడి లక్షణమే.

వెయ్యేళ్లు దాటి 1618కి వద్దాం. ఆ ఏడాది మూడు తోకచుక్కలు కనిపించాయి. తెల్లవారక ముందు కనిపించిన స్తంభం లాంటి వెలుగును, తర్వాత తోకతో వచ్చిన చుక్కను మొఘల్ చక్రవర్తి జహంగీర్ తన ఆత్మకథ తుజుక్‌లో వర్ణించాడు. జంతువుల మీద, మొక్కల మీద ఆయన గమనికలు ఎంత వివరంగా ఉంటాయో మనకు తెలుసు. ఆకాశం మీద కూడా ఆ చూపు ఉంది. అదే ఏడాది జర్మనీలోని ఇంగోల్‌స్టాట్‌లో యోహాన్ బాప్టిస్ట్ సైసాట్ అనే జెసూట్ పండితుడు ఆ తోకచుక్కల్లో ఒకదాన్ని టెలిస్కోపుతో చూసి, తల రూపం ఎలా మారుతూ వచ్చిందో 1619లో పుస్తకంగా ప్రచురించాడు. టెలిస్కోపుతో తోకచుక్కను చూసిన తొలి నమోదుల్లో అదొకటి.

ఒకే ఆకాశం, ఒకే ఏడాది. జహంగీర్ చూపు సైసాట్ చూపుకు తీసిపోదు. తేడా రెండు చోట్ల ఉంది. ఒకటి పరికరం. రెండోది, సైసాట్ పుస్తకాన్ని చదివి దానితో తమ లెక్కలు పోల్చుకునే వాళ్లు వేరే నగరాల్లో ఉన్నారు. ఆ 1618 తోకచుక్కల గురించిన వాదంలోంచే గెలీలియో 1623 నాటి ప్రసిద్ధ గ్రంథం పుట్టింది. జహంగీర్ వర్ణన రాజ ఆత్మకథలో ఒక పేజీగా మిగిలింది.

పుదుచ్చేరి, 1689

టెలిస్కోపు భారతదేశానికి రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1651లోనే జెరెమీ షేకర్లీ అనే ఆంగ్లేయుడు సూరత్ నుంచి బుధగ్రహం సూర్యబింబం మీదుగా దాటడాన్ని చూశాడు. 1689 డిసెంబరులో పుదుచ్చేరిలో జా రిషో అనే ఫ్రెంచ్ జెసూట్ ఒక తోకచుక్కను టెలిస్కోపుతో గమనిస్తూ, ఆ దారిలో ఉన్న ఆల్ఫా సెంటారీ నక్షత్రం ఒకటి కాదు, రెండని కనుక్కున్నాడు. సూర్యుడికి అతి సమీపంలో ఉన్న ఆ నక్షత్ర వ్యవస్థ జంట అన్న సంగతి మొదట తెలిసింది మన తూర్పు తీరంలోనే.

రిషో పుదుచ్చేరికి పరిశోధన కోసం రాలేదు. పద్నాలుగో లూయీ సయాం రాజ్యానికి పంపిన జెసూట్ బృందంలో ఆయన ఒకడు. 1688లో సయాంలో తిరుగుబాటు జరిగి ఫ్రెంచి వాళ్లు అక్కడి నుంచి వెళ్లిపోవలసి రావడంతో ఇక్కడికి చేరాడు. అంటే ఒక రాజకీయ ప్రమాదం వల్ల టెలిస్కోపు వచ్చింది, ఒక తోకచుక్క వల్ల ఆవిష్కరణ జరిగింది. 1693లో ఆయన చనిపోయాడు. ఆయన చూపును అందుకుని అక్కడే ముందుకు తీసుకెళ్లే వేధశాల ఏదీ పుదుచ్చేరిలో లేదు.

తర్వాతి శతాబ్దంలో సవాయి జైసింగ్ ఢిల్లీ, జైపూర్, మథుర, ఉజ్జయిని, వారణాసి నగరాల్లో జంతర్ మంతర్లు కట్టించాడు. ఆయనకు టెలిస్కోపు తెలుసు. ఆయన జిజ్-ఇ-మహమ్మద్ షాహీలో టెలిస్కోపుతో చూసిన శుక్రుడి కళల ప్రస్తావన ఉంది. 1743లో ఆయన మరణం తర్వాత ఆ పని అదే స్థాయిలో సాగలేదు. పోషకుడు పోతే పని ఆగిపోవడం ఈ కథలో మళ్లీ మళ్లీ చూస్తాం.

మద్రాసు రాతి స్తంభం మాట

1786లో విలియం పెట్రీ అనే కంపెనీ అధికారి మద్రాసు ఎగ్మూరులోని తన ఇంట్లో సొంత వేధశాల పెట్టుకున్నాడు. తర్వాత దాన్ని ఈస్టిండియా కంపెనీ తీసుకుంది. 1792లో మైఖేల్ టాపింగ్ పర్యవేక్షణలో నుంగంబాకంలో కొత్త భవనం లేచింది. పరికరాన్ని నిలబెట్టడానికి ఎత్తయిన గ్రానైట్ స్తంభం ఒకటి పెట్టారు. దాని మీద లాటిన్‌తో పాటు తెలుగు, తమిళంలో కూడా అక్షరాలు చెక్కారు. ఆసియాలో గణిత శాస్త్రాలను బ్రిటిష్ ఔదార్యమే మొదట నాటిందని, ఆ సంగతి వెయ్యేళ్ల తర్వాతి వాళ్లకు కూడా తెలియాలని అక్కడి శాసనం భావం.

ఆర్యభటుడు, సమర్‌ఖండ్‌లో ఉలుగ్ బేగ్, జైపూర్‌లో జైసింగ్ ఉన్న ఖండం మీద ఆ మాట నిలబడదు. వేధశాల అసలు పని కూడా ఔదార్యం కాదు. తీరంలో ఓడలకు దారి, భూమికి సర్వే, పాలనకు సమయం కావాలి. రాధానాథ్ సిక్దర్ పేరుతో మనం చదువుకునే గ్రేట్ ట్రిగనామెట్రికల్ సర్వే మద్రాసు దగ్గర 1802లో మొదలైంది. ఆ కొలతలకు మద్రాసు వేధశాల రేఖాంశం ఆధారమైంది. అయితే ఇంకో వైపు కూడా చూడాలి. కారణం ఏదైనా, ఒకే చోట, ఒకే పద్ధతిలో, దశాబ్దాల పాటు రికార్డు రాసే సంస్థ ఒకటి ఏర్పడింది. పుదుచ్చేరికి లేనిది, జైపూర్‌లో ఆగిపోయినది అదే.

1861లో పోగ్సన్ వచ్చాక అదే ఏడాది ఇక్కడి నుంచి ఒక చిన్న గ్రహశకలాన్ని కనుక్కుని దానికి ఆసియా అని పేరు పెట్టారు. ఆయన దగ్గర పనిచేసిన చింతామణి రఘునాథాచారి 1867లో ఆర్ రెటిక్యులీ అనే చర నక్షత్రాన్ని కనుక్కున్నారు. 1874 శుక్ర సంక్రమణం గురించి సామాన్యులకు అర్థమయ్యేలా దేశభాషల్లో ఒక చిన్న పుస్తకం తెచ్చారు. పాఠ్యపుస్తకాల్లో పోగ్సన్ పేరు కూడా అరుదు, రఘునాథాచారి పేరు ఇంకా అరుదు. మెయిన్స్‌లో వలస పాలనలో భారతీయ శాస్త్రజ్ఞుల పాత్ర అడిగితే జె.సి. బోస్, పి.సి. రేలతో మొదలుపెట్టకుండా ఒక తరం వెనక్కి వెళ్లి ఈ పేరు రాయవచ్చు.

టెలిగ్రాం వచ్చింది, మబ్బు కూడా వచ్చింది

ఇప్పుడు 1872కి తిరిగి వద్దాం. బీలా తోకచుక్క సుమారు ఆరున్నర ఏళ్లకొకసారి వచ్చేది. 1846లో టెలిస్కోపులు దాన్ని గమనిస్తుండగానే అది రెండుగా విడిపోయింది. 1852లో రెండు తోకచుక్కలుగా వచ్చింది. ఆ తర్వాత కనిపించలేదు. 1872 నవంబరు 27 రాత్రి భూమి దాని పాత దారిని దాటేటప్పుడు గొప్ప ఉల్కాపాతం కురిసింది. తోకచుక్క చెదిరిపోతే మిగిలే ధూళే ఉల్కల రూపంలో వస్తుందన్న ఆలోచనకు ఇది గట్టి ఆధారమైంది.

జర్మనీలోని గోటింగెన్‌లో క్లింకర్‌ఫ్యూస్ అనే శాస్త్రవేత్తకు ఒక ఆలోచన వచ్చింది. తోకచుక్క భూమిని రాసుకుంటూ వెళ్లి ఉంటే అది ఇప్పుడు దక్షిణాన, సెంటారస్ రాశి వైపు ఉండాలి. గోటింగెన్ నుంచి చూస్తే ఆ భాగం క్షితిజానికి దాదాపు అంటుకుని ఉంటుంది. 13 డిగ్రీల అక్షాంశంలో ఉన్న మద్రాసుకు అది హాయిగా కనిపిస్తుంది. నవంబరు 30న ఆయన మద్రాసుకు టెలిగ్రాం కొట్టారు. యూరప్‌ను భారత్‌తో కలిపే కొత్త టెలిగ్రాఫ్ లైన్లు రెండేళ్ల కిందటే, 1870లో మొదలయ్యాయి. 1857 తర్వాత టెలిగ్రాఫ్ అంటే పాలన, సైన్యం అనే చదువుకుంటాం. అదే తీగ మీద ఇక్కడ ఒక శాస్త్రీయ ప్రశ్న వచ్చింది.

కొద్ది రోజుల్లోనే పోగ్సన్‌కు తోకచుక్క దొరికింది. మొదటి రోజు తల వెడల్పు 45 కోణీయ సెకన్లు, తోక లేదు. రెండో రోజు 75 సెకన్లు, 8 కోణీయ నిమిషాల తోక. మొదటి రోజు వెలుతురు వచ్చేస్తున్న ఆకాశంలో చూశారు కాబట్టి, ఈ తేడాలో ఎంత తోకచుక్కది, ఎంత ఆకాశానిదన్న ప్రశ్న మిగులుతుంది. మూడో రాత్రి ఉంటే దానికి కూడా జవాబు దొరికేది. తర్వాతి లెక్కల్లో బీలా అప్పటికి ఆ చోట ఉండే వీలు లేదని తేలింది. అంటే పోగ్సన్ చూసింది వేరే తోకచుక్క. ఏ తోకచుక్కో చెప్పలేం.

ఇక్కడ తప్పు ఎవరిదీ కాదు. ఒకటే ఆలోచించండి: ఆ డిసెంబరులో దక్షిణ ఆకాశాన్ని చూడగల ఇంకో వేధశాల మన దేశంలో సిద్ధంగా ఉండి, దానికీ టెలిగ్రాం వెళ్లి ఉంటే? మద్రాసులో మబ్బు పడితే మరో చోట ఆకాశం తేటగా ఉండొచ్చు. తెలుగు నేల మీదే అలాంటి చోటు ఒకటి ఉంది. విశాఖపట్నంలో జమీందారు గోడే వెంకట జగ్గారావు మద్రాసు వేధశాల అధిపతి టేలర్ దగ్గర ఖగోళ శాస్త్రం నేర్చుకుని, నేటి డాబాగార్డెన్స్ ప్రాంతంలో సొంత వేధశాల పెట్టారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు దాన్ని నడిపి, 1874 డిసెంబరు 9న శుక్ర సంక్రమణాన్ని గమనించారు. ఆ ఫలితాలు లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పత్రికలో వచ్చాయి. ఇది కూడా వ్యక్తుల శ్రద్ధ మీద నిలబడిన సంస్థ. ఆ కుటుంబం తర్వాత వేధశాలగా కొనసాగలేదు.

1882: సూర్యుణ్ణి రాసుకుని ముక్కలైన తోకచుక్క

పదేళ్లకు దీనికి పూర్తిగా వ్యతిరేకమైన ఉదాహరణ వచ్చింది. 1882 సెప్టెంబరు 17న ఒక తోకచుక్క సూర్యుడి ఉపరితలానికి సుమారు 4.6 లక్షల కిలోమీటర్ల దూరంలోంచి దూసుకుపోయింది. భూమికి, చంద్రుడికి మధ్య దూరం కంటే ఇది కొంచెమే ఎక్కువ. పట్టపగలు సూర్యుణ్ణి చేత్తో అడ్డుపెట్టి చూస్తే పక్కనే కనిపించేంత వెలుగు. దక్షిణాఫ్రికాలోని కేప్ వేధశాలలో ఫిన్లే, ఎల్కిన్ అనే ఇద్దరు దాన్ని సూర్యబింబం అంచు దాకా వెంటాడారు. అంచు తాకగానే అది మాయమైంది. బింబం మీదుగా వెళ్తున్నప్పుడు చిన్న నల్లచుక్క కూడా కనిపించలేదు. అంత ప్రకాశం ఉన్నా దాని గట్టి భాగం చాలా చిన్నదన్నమాట.

తర్వాతి వారాల్లో టెలిస్కోపుల్లో కనిపించిన మార్పే అసలు కథ. ముందు గుండ్రంగా ఉన్న కేంద్రకం సెప్టెంబరు చివరికి సాగింది. అక్టోబరులో దారానికి గుచ్చిన పూసల్లా నాలుగైదు వెలుగు ముద్దలుగా కనిపించింది. అప్పటికి అది తెల్లవారుజామున తూర్పు ఆకాశంలో, మన అక్షాంశాల నుంచి కూడా బాగా కనిపించే చోట ఉంది. 1883 వేసవి దాకా టెలిస్కోపులు దాన్ని వెంబడించాయి. ఇక్కడ రాత్రులకు కొరత లేదు.

ఆ రికార్డు వల్ల ఏం తేలింది? 1843లో, 1880లో వచ్చిన తోకచుక్కల దారి కూడా దాదాపు ఇదే. ఒకే తోకచుక్క సూర్యుడి వాతావరణంలో వేగం కోల్పోతూ తొందర తొందరగా తిరిగి వస్తోందా, ఒక రోజు సూర్యుడిలో పడిపోతుందా అన్న అనుమానం అప్పుడు బలంగా ఉంది. జర్మన్ శాస్త్రవేత్త క్రూయిట్జ్ అన్ని పరిశీలనలనూ కూర్చి లెక్క కట్టారు. సూర్యుణ్ణి దాటక ముందు కక్ష్య, దాటిన తర్వాత కక్ష్య ఒకటే. వేగం తగ్గలేదు. ముక్కలు తిరిగి రావడానికి వందల ఏళ్లు పడుతుంది. అంటే ఇవి వేర్వేరు తోకచుక్కలు, ఎప్పుడో విరిగిపోయిన ఒకే పెద్ద తోకచుక్క సంతానం. ఈ కుటుంబాన్ని ఇప్పుడు క్రూయిట్జ్ తోకచుక్కలు అంటారు. సోహో అంతరిక్ష నౌక కనిపెట్టిన 5000కు పైగా తోకచుక్కల్లో ఎక్కువ భాగం ఈ కుటుంబానివే.

ఫోటో పలక నుంచి హైదరాబాదు దాకా

1882 తోకచుక్క ఇంకో మలుపు తెచ్చింది. కేప్ వేధశాల అధిపతి డేవిడ్ గిల్ స్థానిక ఫోటోగ్రాఫర్ సాయంతో కెమెరాను టెలిస్కోపుకు కట్టి దాని ఫోటోలు తీశారు. టెలిస్కోపు తోకచుక్కను వెంబడిస్తుంటే పలక మీద వెలుగు పేరుకుంది. కడిగి చూస్తే తోకచుక్కతో పాటు వెనక ఉన్న అసంఖ్యాక నక్షత్రాలు కూడా పడ్డాయి. ఎవరూ అడగని నక్షత్రాలు వాటంతట అవే నమోదయ్యాయి. ఆకాశం మొత్తాన్ని ఇలా ఫోటో తీయవచ్చు కదా అన్న ఆలోచన బలపడింది. 1887లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం ఆకాశాన్ని వలయాలుగా విభజించి ప్రపంచంలోని వేధశాలలకు పంచింది.

అందులో ఒక వలయం చివరికి హైదరాబాదుకు వచ్చింది. ఇంగ్లండులో చదువుకున్న నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండలోని తన స్థలంలో వేధశాల పెట్టి, నిజాం అనుమతితో నిజామియా అని పేరు పెట్టారు. ఆయన మరణం తర్వాత 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది. తర్వాత అది బేగంపేటకు మారింది, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వెళ్లింది. విశాఖకు, హైదరాబాదుకు తేడా ఇక్కడే. రెండూ ఒక ధనవంతుడి ఆసక్తితో మొదలయ్యాయి. ఒకదానికి తర్వాత సంస్థ దొరికింది, ఇంకోదానికి దొరకలేదు.

హైదరాబాదుకు అప్పగించిన వలయం దక్షిణ క్రాంతి 17 నుంచి 23 డిగ్రీల మధ్యది. మొదట చిలీలోని శాంటియాగోకు ఇచ్చినది, అక్కడ పూర్తి కాలేదు. 8 అంగుళాల ఆస్ట్రోగ్రాఫ్‌తో పలకలు తీసి, ఒక్కో నక్షత్రం స్థానాన్ని చేత్తో కొలిచారు. చాట్‌వుడ్, పోకాక్ తర్వాత టి.పి. భాస్కరన్ నాయకత్వంలో పని సాగింది. తర్వాత ఉత్తర ఆకాశంలో 36 నుంచి 39 డిగ్రీల భాగం కూడా తీసుకున్నారు. 1917 నుంచి 1946 దాకా 12 సంపుటాలు, ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాలు. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య, సంస్థాన పాలనలో, పేర్లు పెద్దగా తెలియని సహాయకుల చేతుల మీదుగా జరిగిన పని ఇది.

ఆ పని వృథా పోలేదు. 2000లో వచ్చిన టైకో-2 నక్షత్ర పట్టిక, ఉపగ్రహం కొలిచిన స్థానాలను ఈ పాత ఫోటో పట్టికలతో పోల్చి నక్షత్రాల కదలికను లెక్కకట్టింది. హైదరాబాదు కొలతలు కూడా అందులో భాగం. 1872లో మద్రాసుకు దొరకనిది ఒక రాత్రి. 2000లో ప్రపంచానికి హైదరాబాదు ఇచ్చింది ఎన్నో ఏళ్ల పాత రాత్రులు.

ఈ వేధశాలలో ఉద్యోగి కుమారుడే వేణు బప్పు. హైదరాబాదు ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో హార్వర్డ్ వెళ్లి, 1949లో ఫోటో పలక మీద కొత్త తోకచుక్కను గుర్తించారు. అది బప్పు-బోక్-న్యూకిర్క్ తోకచుక్కగా పేరు పొందింది. తిరిగి వచ్చాక కొడైకెనాల్ బాధ్యత తీసుకుని, కావలూరు వేధశాలను నిర్మించారు. కొడైకెనాల్ స్థాపన వెనక కూడా మన సిలబస్ ఉంది. 1876-78 మహా కరువు తర్వాత వర్షాలకు, సూర్యుడి మచ్చలకు సంబంధం ఉందేమోనన్న ఆసక్తి పెరిగింది. 1899లో మద్రాసు వేధశాల ఖగోళ పని కొడైకెనాల్ కొండకు మారింది. 1910లో హేలీ తోకచుక్కను అక్కడి నుంచి ఎవర్షెడ్ ఫోటో తీశారు. 1971లో అదే సంస్థ ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ అయింది. 2023 సెప్టెంబరు 2న ఎగిరిన ఆదిత్య-ఎల్1లో సూర్యుడి అంచు చుట్టూ చూసే ప్రధాన పరికరాన్ని తయారుచేసింది ఆ సంస్థే.

జవాబులో ఎలా రాయాలి

నుంగంబాకం శాసనం చెప్పుకున్నట్టు ఇది నాటిన మొక్క కాదు. అన్నీ ముందే ఉన్న తోట కూడా కాదు. వరాహమిహిరుడి నిజాయితీ, జహంగీర్ చూపు, రఘునాథాచారి నైపుణ్యం, జగ్గారావు ఆసక్తి అన్నీ ఇక్కడివే. టెలిస్కోపు, టెలిగ్రాఫ్, అంతర్జాతీయ పని విభజన వలస కాలంలో, వలస అవసరాలతో కలిసి వచ్చాయి. ఈ రెండూ ఒక శాశ్వత సంస్థలో కలిసినప్పుడే ఫలితం నిలిచింది. కలవని చోట రిషో కథలా, మద్రాసు తోకచుక్కలా ఆగిపోయింది. నేటి పరిశోధన విధానం మీద ప్రశ్న వచ్చినా ఇదే గీటురాయి: పరికరం కొనడానికి డబ్బు ఇచ్చామా అన్నది సగం ప్రశ్న. దాన్ని ముప్పై ఏళ్లు నడిపే మనుషులకు జీతం, రికార్డుకు చోటు, ఫలితానికి ప్రచురణ ఇచ్చామా అన్నది మిగతా సగం.

రివిజన్ కోసం

- 1618: జహంగీర్ తుజుక్‌లో తోకచుక్క, జర్మనీలో సైసాట్ టెలిస్కోపు పరిశీలన
- 1689: పుదుచ్చేరిలో రిషో, ఆల్ఫా సెంటారీ జంట నక్షత్రమని గుర్తింపు
- 1792: నుంగంబాకంలో మద్రాసు వేధశాల
- 1867: రఘునాథాచారి, ఆర్ రెటిక్యులీ
- 1872: మద్రాసులో పోగ్సన్ తోకచుక్క, రెండు రాత్రులు మాత్రమే
- 1882: మహా తోకచుక్క, కేంద్రకం ముక్కలు, గిల్ ఫోటోలు
- 1887: పారిస్ సమావేశం, ఆకాశ ఫోటో పటం
- 1899: కొడైకెనాల్, 1901: నిజామియా
- 1949: బప్పు-బోక్-న్యూకిర్క్ తోకచుక్క
- 2023: ఆదిత్య-ఎల్1

సాధన ప్రశ్న: వలస పాలన కాలంలో భారతదేశంలో ఖగోళ పరిశోధన సామ్రాజ్య అవసరాలతో మొదలైనా, దాని ఫలితాలు ఆ అవసరాలకే పరిమితం కాలేదు. తగిన ఉదాహరణలతో చర్చించండి. (250 పదాలు, 15 మార్కులు)

జవాబు రాసేటప్పుడు కనీసం ఒక విజయాన్ని, ఒక ఆగిపోయిన ప్రయత్నాన్ని పక్కపక్కన పెట్టండి. హైదరాబాదు పక్కన విశాఖపట్నం పెడితే చాలు, మీ వాదన సగం నిలబడుతుంది.